ఒక చెవి ఇంజినుకి

ఆ వేసవిలో నేను మొదటిసారి విమానం ఎక్కాను. ఎక్కినప్పుడల్లా కిటికీ సీటే దొరికింది. రెక్క కింద విశాఖ కొండలు ఒరిగిపోయి, సముద్రం పళ్లెంలా పైకి లేచి, మళ్లీ మెల్లగా సర్దుకునే ఆ ఒక్క క్షణం కోసం ముందు రోజు నుంచే ఎదురుచూసేదాన్ని.

కొత్త పెళ్లికూతుర్ని. నాకప్పుడు అన్నీ బాగుండేవి. అనకాపల్లిలో మా అద్దె ఇంటి మేడ మీద ట్యాంకు నిండి పొర్లితే బాగుండేది. బెల్లం దిమ్మలు వేసుకుని లారీ వీధిలోంచి వెళ్తే వెనక మిగిలిపోయే వాసన బాగుండేది. గోవింద్ బావ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పకుండానే గుమ్మంలో కూలబడి, "కుమారీ, టీ" అంటే ఆ రెండు మాటలూ రోజంతా నోట్లో పెప్పరమెంటు బిళ్లలా ఉండేవి.

అదే ఇంట్లో, ముందు గదిలో, మావయ్య పడుకుని ఉండేవాడు.

పరదేశి మావయ్య మా అమ్మకి సొంత అన్న, బావకి తండ్రి. పూడిమడకలో పుట్టి, మీసం రాని రోజుల నుంచి ఆ సముద్రం మీదే వేట చేసిన మనిషి. పొట్టలో గడ్డ అని తేలాక మా దగ్గరికి తీసుకొచ్చాం. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రి వాళ్లు కొత్త మందు పరీక్షిస్తున్నారు. పేరు నమోదైతే మందుతో పాటు, రోగికీ తోడు మనిషికీ విమానం టికెట్లు కూడా వాళ్లే ఇస్తారు. రైల్లో రాత్రంతా జనం మధ్య కూర్చోవద్దన్నారు, ఏ దగ్గు అంటుకున్నా తట్టుకోలేడని. షరతు ఒకటే. వారానికో విడత, ఒక్కటి తప్పినా పేరు కొట్టేస్తారు. ఇంకో మందు లేదు.

తోడు ఎవరు వెళ్లాలన్నది పెద్ద చర్చ కాలేదు. బావకి సెలవు దొరకదు. మహాలక్ష్మమ్మ అత్త, "నా కాలు నేల వొదిలితే నాను అక్కడే సచ్చిపోతాను, ఒకలికి వైద్యం సేయించబోయి ఇద్దర్ని మోసుకొత్తారు" అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. నేను పాఠాలు చెప్పే బడికి సెలవులు. అలా ఆ కిటికీ సీటు నాకు వచ్చింది.

ఏప్రిల్ సగం నుంచి వేట నిషేధం మొదలైంది. చేప గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు సముద్రంలోకి ఒక్క బోటూ వెళ్లకూడదు. పూడిమడక ఒడ్డున బోట్లన్నీ ఇసకెక్కాయి. ఇంజిన్లు విప్పి గోనెలు కప్పేశారు.

"మంచి టయానికే వచ్చింది రోగం," అనేవాడు మావయ్య. "ఎలాగూ వేట లేదు. మళ్లీ తెరిసేసరికి నయమైపోతాది."

రెండో విడత మందు ఎక్కించాక చెవుల్లో హోరు మొదలైంది. ఎప్పుడూ తుమ్మెద తిరుగుతున్నట్టే ఉంటుందనేవాడు. దాని మీద విమానం మోత. తిరుగు ప్రయాణంలో రెండు చేతులతో తల పట్టుకుని, వాళ్లిచ్చిన కాయితం సంచిలో వాంతి చేసుకుంటూనే ఉన్నాడు. ఇంటికొచ్చి మంచం మీద వాలి, గోడ వైపు తిరిగి, ఒకే మాట అన్నాడు.

"ఇంకెల్లను."

"ఎల్లకపోతే ఏటి సేత్తావు?" అంది అత్త.

"సముద్రం మీద అంత మోత లేదే. అక్కడ గాలి కొట్టుకుపోతాది. ఆ డబ్బాలో ఏసి మూసేత్తే మోతంతా నా తలకాయలోకే వత్తాది."

అత్త నా వైపు చూసింది. చదువుకున్నదానివి, ఏదో ఒకటి చెప్పవే అన్నట్టు. ఆసుపత్రిలో నర్సు ఒకామె ఎవరికో చెబుతుండగా విన్న మాట నాకు గుర్తొచ్చింది. మోత తగ్గించే హెడ్‌ఫోన్లుంటాయట, విమానాల్లో తిరిగేవాళ్లు పెట్టుకుంటారట.

ఆ మాట దొరకడమే చాలు, నాకు పండగైపోయింది.

సాయంత్రాలు నేనూ బావా మేడ మీద చాప వేసుకుని ఒకే ఫోన్లో హెడ్‌ఫోన్ల వీడియోలు చూస్తూ కూర్చునేవాళ్లం. ఒకడు రైల్లో కూర్చుని చెబుతాడు, ఒకామె ఫ్యాన్ పక్కన పెట్టి చూపిస్తుంది. గొప్ప గొప్ప కంపెనీలవి మా వల్ల కాదు. మాకు అందేవాటిలో ఏది నిజంగా పని చేస్తుందన్నదే లెక్క. నేను చదివి చదివి పెద్ద పండితురాలినైపోయాను.

"పెట్టె మీద నాయిస్ అని రాసుంటే సరిపోదు బావా. కొన్నిట్లో అది ఫోన్లో అవతలోళ్లకి మన మాట బాగా ఇనబడ్డానికి. మన చెవికి ఏటీ తగ్గదు. మనకి మోత తగ్గించేది కావాలి."

"పెళ్లయి ఎన్నాళ్లయిందని. అప్పుడే నా మోత తగ్గించుకోడానికి సూత్తన్నావేటి."

"నీ మోతకి ఏ కంపెనీ సాలదు."

మెయిన్ రోడ్డులో కిరణ్‌కి సెల్‌ఫోన్ల షాపుంది. డిగ్రీలో నా క్లాసే. మమ్మల్ని చూడగానే, "రండి బావగారూ, మా క్లాసులో ఇన్ని ప్రశ్నలడిగే మనిషి ఇంకోల్లు లేరు, మీరెలా ఏగుతున్నారో" అంటూ చెవిలో దూర్చుకునే చిన్న బుడిపెలు తీసి ముందు పెట్టాడు.

"ఇవి కాదు. మావయ్య చెవులకి పోగులున్నాయి. చెవి మీద నొక్కేవీ కాదు, నొప్పెడతాయి. చెవి మొత్తాన్నీ కప్పేసేవి కావాలి. టచ్ వద్దు, బటన్ ఉండాలి. వల తాళ్లు లాగిన వేళ్లకి టచ్ తెలీదు. ఛార్జింగు అయిపోతే వైరు పెట్టుకునే వీలుండాలి. తల మీద బరువుండకూడదు."

"ఇంకా?"

"ధర కూడా తక్కువుండాలి."

కిరణ్ బావ వైపు జాలిగా చూశాడు. వెతికి వెతికి రెండు రకాలు తీశాడు. ఏది బాగా పని చేస్తుందో షాపులో తెలియదు కదా, అక్కడ ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడే కరెంటు పోయింది. వేసవి కదా, రోజూ పోయేదే. వీధంతా ఒక్కో షాపు ముందూ జెనరేటర్లు మొదలయ్యాయి. నేను రెండు జతలూ పట్టుకుని బయటికి పరిగెత్తాను.

"ఓయ్, డబ్బులియ్యకుండా పారిపోతన్నావేటి" అని కిరణ్ కేక వేశాడు.

జెనరేటర్ పక్కన గొంతుక్కూర్చున్నాను. మొదటి జతతో మోత కొంచెమే తగ్గింది. రెండో జత పెట్టుకుని బటన్ నొక్కాను. ఎవరో దుప్పటి కప్పినట్టు జెనరేటర్ మాయమైపోయింది. ఎదురుగా అది వణుకుతూనే ఉంది, పొగ వస్తూనే ఉంది, చప్పుడు మాత్రం లేదు. బావ వంగి ఏదో అంటున్నాడు. ఆ మాట మాత్రం సన్నగా, స్పష్టంగా వినబడింది.

"మల్లెపూల మీద రెండు కొబ్బరిచిప్పలు పెట్టుకున్నట్టున్నావు. వీధంతా నిన్నే సూత్తంది."

"నీ మాట ఇనబడతంది బావా. మోతొక్కటే పోయింది."

నాకు ఎంత సంతోషమంటే, అక్కడే, ఆ పొగలో, బావ చెయ్యి పట్టుకుని లేచి రెండు గంతులు వేశాను.

ఇంటికి తెచ్చి చూపిస్తే అత్త వాటికి కొబ్బరిచిప్పలనే పేరు ఖాయం చేసింది. "నువ్వోపాలి పెట్టుకో అత్తా" అంటే, "నాకేటికే, నాకే మోతా లేదు" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మావయ్య వాటిని తిప్పి తిప్పి చూసి, "అంత తిరిగి కొన్నాదేటి నా కోసం" అన్నాడు. మళ్లీ వెళ్లడానికి ఒప్పుకున్నాడు.

విమానం పరుగందుకుని లేచింది. కొండలు ఒరిగాయి. ఆ రోజు నేను కిటికీ వైపు చూడలేదు. మావయ్య చెవులకి హెడ్‌ఫోన్లు సర్ది, పోగులు ఒత్తుకోకుండా చూసి, బటన్ నొక్కి, కొత్త కూర వండిపెట్టి మొదటి ముద్ద తినేవాళ్ల మొహం చూసినట్టు ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను.

ఆ మొహంలో నెత్తురంతా దిగిపోయింది. చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఇంజిను ఆగిపోనాది."

"లేదు మావయ్యా, అది..."

"ఆగిపోనాదమ్మా. నీ మాట ఇనబడతంది కదా. ఇంజిను ఆగితేనే మనుసుల మాటలు ఇనబడతాయి."

బెల్టు లాక్కుని లేవబోయాడు. లేచి ఎక్కడికి వెళ్తాడో ఆయనకీ తెలియదు. అటు నుంచి ఎయిర్ హోస్టెస్ కూర్చోమని చేత్తో సైగ చేస్తూ వస్తోంది. నేను హెడ్‌ఫోన్లు లాగేశాను. విమానం మోతంతా ఒక్కసారిగా ఆయన మీద పడినట్టుంది. కణతలు నొక్కుకుంటూ, నొప్పితో కళ్లు మూసుకుని, అయినా దాన్నే చెవి ఒగ్గి విన్నాడు.

"నడుత్తంది," అన్నాడు. కొంచెం ఆగి మళ్లీ, "నడుత్తంది, నడుత్తంది."

నా మణికట్టు వదలడానికి చాలాసేపు పట్టింది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. బావ పుట్టకముందు ఒకసారి మావయ్య బోటు ఇంజిను నడిసముద్రంలో ఆగిపోయింది. ఒడ్డు కనబడకుండా కొట్టుకుపోయారు. వెళ్లినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. ఆ కథ నేను చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. జెనరేటర్ పక్కన కూర్చుని గంతులు వేసిన రోజు మాత్రం ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

ఆసుపత్రిలో మందు ఎక్కించినంతసేపూ హెడ్‌ఫోన్లు నా సంచిలో అడుగున ఉన్నాయి. తిరుగు విమానంలో నేను వాటి ఊసే ఎత్తలేదు. మావయ్యే చెయ్యి చాపాడు.

"ఇలాగియ్యి."

"వొద్దులే మావయ్యా."

"ఇయ్యెహె. నువ్వలాగ మొకం ఏలాడేసుకుని కూకుంటే నాకు విమానం కంటే అదే బాధగుంది."

తీసుకుని, పక్కకి వంచి, నేను కూర్చున్న కిటికీ వైపు చెవికి మాత్రం పెట్టుకున్నాడు. రెండో చిప్ప చెంప మీదికి జరిపేశాడు.

"ఈ చెవి నీకు. ఆ చెవి ఇంజినుకి."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ పూట ఆయన వాంతి చేసుకోలేదు. దిగేటప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఎయిర్ హోస్టెస్‌తో, "ఇంజిను బాగుందమ్మా, మీ డ్రైవరుకి సెప్పు" అన్నాడు. ఆమెకి అర్థం కాకపోయినా రెండు చేతులూ జోడించింది.

తర్వాత ప్రయాణాలన్నీ అలాగే సాగాయి, ఒక చెవి నాకు, ఒక చెవి ఇంజినుకి. నేను మళ్లీ కిటికీలోంచి చూడ్డం మొదలుపెట్టాను. మబ్బుల నీడలు పొలాల మీద పాకుతుంటే ఆయన్ని మోచేత్తో పొడిచి చూపించేదాన్ని. "అదిగో అదేటి, వల ఏసినట్టున్నాది" అనేవాడు. ఆయన ఒళ్లు సగమైందని నాకు తెలుసు. చొక్కా భుజాల మీద నిలవడం లేదని తెలుసు. అయినా, వాంతి లేదు, మాట ఉంది, తిండి కాస్త పోతోంది. అవన్నీ కూడబెట్టుకుని నేను సంతోషంగా ఉండేదాన్ని.

స్కానింగు చేసిన రోజున డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచింది. నా కంటే పెద్ద వయసేమీ కాదు. మందు పట్టలేదంది. గడ్డ కాలేయం దాకా పాకిందంది. తర్వాతి విడతకి రావచ్చు, రమ్మనే చెబుతాను అంటూ వాక్యం పూర్తి చెయ్యకుండా ఆపేసి, నా మెడలో కొత్త నల్లపూసల వైపు చూసి, "మీరు ఆయన కూతురా?" అని అడిగింది. కోడలినన్నాను. తలుపు తెరిచే ముందు కళ్లు తుడుచుకుని, మొహం సర్దుకున్నాను.

మావయ్య వరండాలో కూలింగు నీళ్ల డబ్బా పక్కన నిలబడి దాని మోత వింటున్నాడు.

"దీని మోటారు ఎక్కువ రోజులు రాదు," అన్నాడు. "ఏటన్నాది డాక్టరమ్మ?"

"మళ్లీ రమ్మంది మావయ్యా."

"నవ్వుతా అన్నాదా?"

"ఆ. నవ్వుతానే అంది."

నా మొహం వైపు కాసేపు చూశాడు.

"మీ అమ్మా అంతే," అన్నాడు. "సిన్నప్పట్నించి దానికి ఏడుపొత్తే ఇలాగే నవ్వుతాది. పద, ఆకలేత్తంది."

క్యాంటీన్లో ఇడ్లీ ఒకటి తిన్నాడు. రెండోది నా పళ్లెంలో వేశాడు. ఇంటికెళ్లి అత్తకి ఏం చెప్పాలో, బావకి ఎలా చెప్పాలో, మావయ్యకి తెలియకుండా ఎలా ఉంచాలో మనసులో అల్లుకుంటూనే విమానం ఎక్కాను.

విమానం పైకి లేచి నిలకడగా అయ్యాక ఆయన చెయ్యి చాపాడు.

"కుమారీ, ఆ కొబ్బరిచిప్పలియ్యి."

తీసిచ్చాను. మావయ్య వాటిని రెండు చెవులకీ పెట్టుకున్నాడు. పోగులు సర్దుకున్నాడు. వేలితో తడిమి తడిమి బటన్ ఎక్కడుందో వెతికి, తానే నొక్కాడు.

ఎప్పుడు నా మణికట్టు పట్టుకుంటాడా అని చెయ్యి దగ్గరగా పెట్టి ఉంచాను. ఆయన పట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నుదుటి మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి.

"అన్నీ ఆగిపోనాయి," అన్నాడు కొంతసేపటికి. చెవులు మూసుకున్నవాళ్లు మాట్లాడినట్టు కాస్త గట్టిగా అన్నాడు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు.

"తీసెయ్యనా మావయ్యా?"

వద్దని తలాడించాడు. "లోపల ఇంకోటేదో ఇనబడతంది. సన్నగా నడుత్తంది."

"గుండె మావయ్యా అది."

"ఆ," అన్నాడు. "పాత ఇంజిను."

ఇద్దరం నవ్వాం. ఆ పూట అంత చెడ్డ కబురు మోసుకొస్తూ కూడా నాకు మనసు తేలికైపోయింది. ఆయనకేమీ తెలియదు, పైగా నేను కొన్న వస్తువు చివరికి ఆయనకి నచ్చింది. విమానం దిగి సంచుల కోసం నిలబడగానే బావకి ఫోన్ చేశాను.

"బావా, మావయ్య ఈ రోజు రెండు చెవులకీ పెట్టుకున్నాడు. తనంతట తనే. అస్సలు భయపళ్లేదు."

లైను పోయిందేమో అని రెండుసార్లు హలో అన్నాను.

"అలాగా," అన్నాడు చివరికి. "సరే. జాగర్తగా తీసుకురా."

డాక్టరమ్మ మాట ఆ రాత్రే బావకీ అత్తకీ చెప్పాను. తర్వాతి విడతకి టికెట్లు ఫోన్లోకి వచ్చాయి. మావయ్యకి చూపిస్తే, చూసి ఫోన్ నా చేతిలో పెట్టేసి, "పూడిమడక తీసుకెల్లండి" అన్నాడు. నేను బతిమాలబోయాను. బావ నా భుజం మీద చెయ్యి వేశాడు. అత్త లేచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ విడత దాటిపోయింది. ఆసుపత్రి నుంచి ఒకసారి ఫోన్ వచ్చింది. బావ బయటికెళ్లి మాట్లాడి వచ్చాడు.

పూడిమడకలో ఇంటి ముందు పాకలో మంచం వేశాం. రోహిణి ఎండలు. సముద్రం మీద ఒక్క బోటు లేదు, ఒడ్డున ఒక్క ఇంజిను లేదు, ఊరంతా వలలు బాగు చేసుకుంటూ నీడల్లో కూర్చుంది. మావయ్య బోటు ఇప్పుడు నడిపేది త్రినాధరావు. అల్లుడి వరస. ఒక సాయంత్రం ఇంజిను సాపు చేయించి తెచ్చి, చెక్కల మీద నిలబెట్టి, మావయ్యకి వినబడాలని అక్కడే స్టార్ట్ చేశాడు.

"మావా, ఎలాగుంది?" అని అరిచాడు.

మావయ్య చెయ్యి కాస్త ఎత్తి ఊపాడు. బాగుందన్నాడో, ఆపమన్నాడో ఎవరికీ తెలియలేదు. త్రినాధరావు ఆపేశాడు.

ఆయన పోయింది ఆ రాత్రి కాదు, మర్నాడూ కాదు. ఏ విశేషమూ లేని ఒక మధ్యాహ్నం, అత్త గంజి వార్చి గ్లాసులో పోసి తెచ్చేసరికి.

వేట తెరిచిన రోజుకి కర్మలన్నీ అయిపోయాయి. నేనూ బావా తెల్లవారుతుండగా ఒడ్డుకి వెళ్లాం. బోట్లకి పసుపు రాసి, బంతిపూలు కట్టి, గంగమ్మకి కొబ్బరికాయలు కొడుతున్నారు. అత్త ముందుకి రాలేదు. వలలు పెట్టుకునే పాక వెనక, ఎవరికీ కనబడకుండా, ఇసకలో కూర్చుంది.

"ఎల్లే బోట్లకి ఎదురు రాకూడదు నాను," అంది. అలా అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"ఆ కొబ్బరిచిప్పలు ఉన్నాయేటే నీ కాడ?"

ఉన్నాయి. ఆ సంచిలోంచి వాటిని తియ్యబుద్ధి కాలేదు నాకు. ఇంట్లో ఛార్జింగు మాత్రం పెడుతూనే ఉన్నాను, ఎందుకో.

"మీ మావ సెప్పేడు," అంది అత్త. "నన్నోపాలి పెట్టుకోమన్నాడు. ఊరికే కాదు, వేట తెరిసినాక, ఇంజిన్లన్నీ మొదలెట్టినాక పెట్టుకోమన్నాడు. ఏటి ఇనబడతాదో నాకు సెప్పలేదు."

ఒక ఇంజిను మొదలైంది. తర్వాత ఇంకొకటి. తర్వాత ఒడ్డంతా. అన్ని రోజులు మూగగా పడి ఉన్న తీరం ఒక్కసారి గొంతు విప్పినట్టు మోగిపోయింది. నేను అత్త జుట్టు పక్కకి సర్ది, హెడ్‌ఫోన్లు పెట్టి, బటన్ నొక్కాను.

పాక పక్క సందులోంచి బోట్లు కెరటాన్ని ఎక్కి దిగుతూ పోవడం కనిపిస్తోంది. త్రినాధరావు నడిపే మా బోటు కూడా పోయింది, ముందు భాగాన బంతిపూలు తడిసి వేలాడుతున్నాయి. అత్త అటు చూడలేదు. గాజుల్లేని చేతులు మోకాళ్ల చుట్టూ వేసుకుని, తల వంచుకుని కూర్చుంది.

"అన్నీ ఆగిపోనాయే," అంది గట్టిగా.

కాసేపటికి ఆమె కుడిచెయ్యి మెల్లగా లేచి గుండె మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

"నాదింకా నడుత్తంది," అంది, ఎవరి మీదో ఫిర్యాదు చేస్తున్నట్టు.

విమానంలో మావయ్య ఏమన్నాడో నేను ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేకపోయాను. హెడ్‌ఫోన్లు తియ్యబోతే నా చెయ్యి పట్టుకుని, "ఉండు" అంది. ఉన్నాను. ఆమె ఆ నిశ్శబ్దంలో కళ్లు మూసుకుని కూర్చుంది. బోట్లు చిన్నవై, చుక్కలై, ఆఖరి ఇంజిను చప్పుడు కూడా నీళ్లలో కలిసిపోయేదాకా, ఆ మోతంతా నేనొక్కదాన్నే విన్నాను.